లిఫ్టులో రెండో మనిషి

ఒక్కడే ఎక్కిన లిఫ్టులో ఇద్దరున్నారని సోమవారం ఉదయం బయటపడింది.

ఎక్కినవాడు మా లిఫ్టుల కంపెనీ ఉద్యోగి, అందరూ బరువాయన అని పిలుచుకునే మనిషి. బయటపెట్టింది లిఫ్టే. శుక్రవారం నాడు లోకానికి చూపించబోతున్న ఆ కొత్త గాజు లిఫ్టు ఒక్క మనిషి కోసం తయారైంది. దాని కప్పులో ఒక కన్ను ఉంది. లోపలికి వచ్చినవాళ్ళను చూసి లెక్కపెట్టడం ఆ కన్ను పని. లెక్క ఒకటి దాటితే లిఫ్టు కదలదు. బరువాయన ఎక్కాడు, బటన్ నొక్కాడు, చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. తలుపు సగం దాకా వచ్చి ఆగిపోయింది. కప్పులోంచి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది.

"లోపల ఇద్దరున్నారు. ఒకరు దయచేసి దిగండి."

బరువాయన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. దిగి మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ ఇద్దరే. భద్రతాధికారి పరుగున వచ్చాడు. నాలుగు వైపులా గాజు ఉన్న పెట్టెలో చీమ కూడా దాక్కోలేదని ఆయనకు తెలియక కాదు. నిబంధన ఉంది కనుక టార్చిలైటు వేసి వెతికాడు.

మధ్యాహ్నానికి చీఫ్ ఇంజనీరు, కన్ను చూసిన దృశ్యాన్ని మీటింగు గదిలో తెరమీద నెమ్మదిగా నడిపించాడు. అప్పుడు దొరికాడు రెండోవాడు. బరువాయన లిఫ్టులోకి అడుగుపెట్టి ఆగుతాడు. ఆయన ఆగిన తర్వాత, కాస్త ఆలస్యంగా, ఆయన పొట్ట ఆగుతుంది. ఆయన కుడివైపు తిరిగితే అది ఎడమవైపే ఉండి, తర్వాత మనసు మార్చుకుని వెనకే వస్తుంది. తనంతట తాను కదిలి, తనకు తోచినప్పుడు ఆగేదాన్ని ఇంకో మనిషి కింద లెక్కకట్టడంలో యంత్రం తప్పేముంది? గదిలో అందరికీ యంత్రం మీద గౌరవం పెరిగింది.

"ఆ కంటికి మనిషంటే ఏమిటో నేర్పడానికి ఒక మాదిరి మనిషిని నిలబెట్టి కొలతలు తీశాం సార్. ఇంకో నలుగురిని నిలబెట్టి మళ్ళీ నేర్పిస్తే..." అని ఇంజనీరు నసిగాడు.

"ఆ మాట ఇంకోసారి అనొద్దు," అన్నాడు కంపెనీ యజమాని కూడా అయిన డైరెక్టరు. "యంత్రం అబద్ధం చెప్పదు. మనుషులే సరిచేసుకోవాలి."

ఈ పొట్ట పూర్వచరిత్ర కొంత చెప్పాలి. ఇళ్ళలో బిగించే ఇద్దరు మనుషుల లిఫ్టును అమ్మే ముందు ఇద్దరి బరువు పెట్టి నడిపి చూడటం మా దగ్గర రివాజు. అందుకు ఇనుప దిమ్మెలు వాడేవారు. వాటిని మోసేవాళ్ళు నడుములు పట్టేసి సెలవులు పెడుతుంటే కంపెనీ ఒక తెలివైన పని చేసింది. గుమాస్తాల్లో నూట ముప్పై ఆరు కిలోల మనిషి ఒకాయన కనిపిస్తే, ఆయనను పరీక్షల విభాగానికి మార్చింది. దిమ్మెలను మోయాలి, ఈయన తానే నడిచివచ్చి ఎక్కుతాడు. ఆయన ఎక్కినా లిఫ్టు మూలగకపోతే పాసు. కంపెనీ కాగితాల్లో ఆయన అధికారికంగా ఇద్దరు మనుషులు. జీతం మాత్రం ఒకరిదే. ఆ లెక్క అప్పుడెవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. బూటు లేసు కట్టుకోవాలంటే భార్య రావాల్సిన రోజు వచ్చింది. డాక్టరు భయపెట్టాడు. బరువాయన రెండేళ్ళ పాటు నోరు కట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ నడిచి, అరవై కిలోల పైచిలుకు వదిలించుకున్నాడు. మొహం తేరుకుంది, మెడ అనేది ఒకటి కనిపించింది, వేలి ఉంగరం జారి ఎక్కడో పడిపోయింది. కానీ సాగిన చర్మం ఎక్కడికి పోతుంది? దిండు లాగేసిన గలీబులా పొత్తికడుపు మీద, జబ్బల కింద, తొడల లోపల వేలాడుతూ ఉండిపోయింది. గబగబా మెట్లు దిగాలంటే పొట్టను చేత్తో పట్టుకోవాలి. ఎండపూట మడతల కింద ఒరుసుకుని మంట.

ఇంత సాధించినందుకు కంపెనీ ఆయనను ఘనంగా సన్మానించి, అదే సభలో ఆయన ఉద్యోగాన్ని రద్దు చేసింది. ఇద్దరు మనుషులుగా పనికిరాని మనిషితో పరీక్షల విభాగానికి పనేముంది? ఇనుప దిమ్మెలు మళ్ళీ వచ్చాయి. అయితే డైరెక్టరు దయగలవాడు. కొత్త లిఫ్టు ప్రచారానికి 'తేలిక జీవితం' అని పేరు పెట్టి, బరువాయనను దానికి రాయబారిగా నియమించాడు. శుక్రవారం అందరి ముందూ గాజు లిఫ్టులో పైకి వెళ్ళి చెయ్యి ఊపితే ఉద్యోగం ఖాయం. వెళ్ళలేకపోతే, పాత ఉద్యోగానికి సన్నబడ్డాడు, కొత్త ఉద్యోగానికి లావుగా మిగిలాడు. ఆ మధ్యలో కంపెనీలో ఖాళీ ఏదీ లేదు.

రెండో మనిషి ఉనికి రుజువయ్యాక పాలనా యంత్రాంగం చకచకా కదిలింది. సిబ్బంది వ్యవహారాల అధికారిణి, అనుమతి లేని వ్యక్తి రోజూ ఆవరణలోకి రావడం ఏమిటని అడిగి, సందర్శకుడి బిల్ల ఒకటి జారీ చేసింది. దాన్ని బరువాయన చొక్కా కింది గుండీ దగ్గర తగిలించారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అప్పగించి, పొద్దున మళ్ళీ తీసుకోవాలి. క్యాంటీన్ వాడు ఒక ప్లేటా రెండా అని అడగడం మొదలుపెట్టాడు. 'మిగులు ప్రాంతాల ఉపసంఘం' ఏర్పడింది. జబ్బలు, తొడలు ప్రస్తుతానికి దుస్తుల మాటున ఉన్నాయి కనుక వాటిమీద చర్య వాయిదా వేసి, ముందుగా పొట్టను ఖాళీ చేయించాలని తీర్మానించింది. ఉపసంఘంలోని ఏడుగురూ కుర్చీల్లో కాస్త ముందుకు వంగి, బల్ల అంచు చాటున కూర్చుని ఈ తీర్మానం చేశారు.

ఇంటి దగ్గర ఈ పని బావమరిది చేతిలో పడింది. అతను వ్యాయామశాల నడుపుతాడు.

"ఇది మొండి కొవ్వు బావా. దీన్ని బతిమాలితే పోదు, భయపెట్టాలి," అంటూ మోచేతుల మీద, కాలివేళ్ళ మీద శరీరాన్ని కర్రలా నిలబెట్టమన్నాడు. బరువాయన నిలబెట్టాడు.

"పొట్ట నేలకి ఆనకూడదు బావా."

"నేను ఆనించట్లేదురా. అదే ఆనుతోంది."

"అదీ నువ్వే కదా."

"ఆఫీసులో కాదంటున్నారు."

పక్కన బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తకుండానే అంది. "ఒరే, మనిషిని లేపు. రెండేళ్ళుగా తిండి చంపుకుని ఇంతకు తగ్గారు. మిగిలింది తోలురా. తోలుకి కసరత్తు చేయిస్తావా?"

"అక్కా, నీకు తెలీదు."

"నాకెందుకు తెలీదు? రోజూ దాని మడతల్లో పౌడరు వేసేది నేనే."

మంగళవారం, కొవ్వును చల్లబరిచి కరిగిస్తామనే చికిత్సాలయానికి తీసుకెళ్ళారు. అక్కడ పొట్టను రెండు లోహపు పలకల మధ్య పెట్టి గడ్డకట్టించారు. అది వణికింది తప్ప వదల్లేదు. బుధవారం ఉపసంఘం ఒక ప్రేరణ ప్రసంగకర్తను రప్పించింది. పొట్ట అనేది శరీరభాగం కాదని, అది ఒక ఆలోచన మాత్రమేనని ఆయన గంటసేపు నిరూపించాడు. బరువాయన ఆ రాత్రి మంచం మీద పడుకుని వేరే ఆలోచనలు చేసి చూశాడు. పొట్ట కూడా పక్కన పడుకుని ఆలోచిస్తూనే ఉంది. గురువారం ఉదయం కనిపించిన శస్త్రచికిత్స డాక్టరు ఒక్కడే నిజం చెప్పాడు. "ఇది కొవ్వు కాదు, సాగిపోయిన చర్మం. వ్యాయామానికి పోదు. అక్కర్లేదనుకుంటే కొయ్యాలి. కోస్తే నెల రోజులు పడుకోవాలి." నెల రోజులంటే శుక్రవారం దాటిపోతుంది. పైగా కోతకు కంపెనీ బీమా ఒప్పుకోలేదు. అది అలంకారం కిందికి వస్తుందట. లిఫ్టుకు మనిషి, బీమాకు అలంకారం. మోసేవాడికి మాత్రం అది మంట.

సాయంత్రం చీఫ్ ఇంజనీరు తన వంతుగా, డబ్బాలకు వేసే గోధుమరంగు టేపుతో పొట్టను నాలుగు చుట్లు చుట్టించి లిఫ్టు ఎక్కించాడు. కన్ను తీక్షణంగా చూసింది. "లోపల ఒకరు, ఒక పార్సిలు ఉన్నారు. సామాన్ల లిఫ్టు ఎడమవైపు ఉంది," అంది గొంతు. టేపు ఊడదీసినప్పుడు బరువాయన పెట్టిన కేక మూడో అంతస్తు దాకా వినిపించిందని, అది ఒక్కరి కేకలాగే ఉందని సాక్షులు చెప్పారు.

శుక్రవారం వచ్చింది. కింది హాలు నిండిపోయింది. ముందు వరసలో పెద్దలు, వెనక కెమెరాలు. బరువాయన హాలు పక్కనున్న స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, చొక్కా లోపలికి దోపి, బయటికి తీసి, మళ్ళీ దోపుతున్నాడు. భార్య తలుపు బయట నిలబడింది.

"ఏమండీ, పోతే పోనివ్వండి. ఇంకో ఉద్యోగం చూసుకుందాం."

"ఏమని చూసుకోను? ఇద్దరున్నారు, ఒక ఉద్యోగం కావాలనా?"

ఇంతలో పక్క గది తలుపు తెరుచుకుని, డైరెక్టరు సహాయకుడు ఒక కాగితం సంచి అందించి వెళ్ళిపోయాడు. అందులో ఒక వెడల్పాటి సాగుడు బెల్టు ఉంది. చర్మం రంగు, మూడు వరసల కొక్కేలు, వెనక ఉక్కు పుల్లలు. కొత్తది కాదు. బరువాయన దాన్ని నడుముకు చుట్టి, భార్యను పిలిచి బిగించమన్నాడు. ఆమె మోకాలు ఆనించి లాగింది. చివరి కొక్కెం పడింది. పొట్ట ఎటు పోయిందో తెలియదు. బరువాయనకు ఊపిరి కూడా అటే పోయింది.

"వెచ్చగా ఉందే," అన్నాడు గొణుగుతూ.

"ఎండలో పెట్టుంటారు," అంది భార్య.

వేదిక మీద డైరెక్టరు అప్పటికే మాట్లాడుతున్నాడు. గుండీలన్నీ పెట్టిన కోటు, దానికి అడ్డంగా రెండు చేతులా పట్టుకున్న దళసరి ఫైలు. కాలరుకు చిన్న మైకు.

"మిత్రులారా, మనిషి పైకి వెళ్ళాలంటే ముందు తేలికపడాలి. మనలోని అనవసరమైన మనిషిని కింద వదిలేయాలి. మా లిఫ్టు మిమ్మల్ని మోయదు. మీలోని అసలు మనిషిని మాత్రమే మోస్తుంది. ఇదిగో, ఆ అసలు మనిషి."

బరువాయన లిఫ్టు ఎక్కాడు. కన్ను చూసింది. తలుపు పూర్తిగా మూసుకుంది. "స్వాగతం," అంది గొంతు. గాజు పెట్టె పైకి లేచింది. బరువాయన చెయ్యి ఊపాడు. అంతకన్నా ఊపడానికి ఆయనలో కదిలే భాగమేదీ మిగల్లేదు. చప్పట్లు మోగాయి. ఉద్యోగం దక్కింది. కిందికి దిగిన మనిషి మొహం నీలంగా ఉన్న సంగతి భార్య తప్ప ఎవరూ గమనించలేదు.

అక్కడితో సభ ముగిస్తే ఈ కథ లేదు. ముఖ్య అతిథిగా వచ్చిన భవన అనుమతుల శాఖ పెద్దాయన లేచి, "కంపెనీ యజమానే ఎక్కని లిఫ్టుకు మేం అనుమతి ఎలా ఇస్తాం? మీరూ ఒకసారి వెళ్ళిరండి," అన్నాడు సరదాగా. డైరెక్టరు గొంతు బాగాలేదన్నాడు. లిఫ్టుకు గొంతుతో పనేమిటని హాలు నవ్వింది. ముందు వరస ఆయనను చేతులు పట్టుకుని తీసుకెళ్ళింది. ఫైలు ఎవరో మర్యాదగా అందుకున్నారు. ఆయన లోపలికి అడుగుపెట్టి ఆగాడు. కాస్త ఆలస్యంగా, కోటు ఆగింది.

తలుపు సగం దాకా వచ్చి నిలిచింది.

"లోపల ఇద్దరున్నారు. ఒకరు దయచేసి దిగండి."

 ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వరసా పాకింది. గాజు పెట్టెలో డైరెక్టరు ఊపిరి బిగబట్టాడు. గొంతు అదే మాట మళ్ళీ చెప్పింది. ఆయన ఇంకా బిగబట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

అప్పుడు బరువాయనకు బెల్టు వెచ్చదనం అర్థమైంది. పక్కనుంచి భార్య ఆయన మొహంలోకి చూసింది. కెమెరాలన్నీ అటే ఉన్నాయి. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చొక్కా బయటికి లాగి, కొక్కేలు ఒక్కొక్కటే ఊడదీశాడు. పొట్ట తన చోటికి తాను వచ్చేసింది. ఆయన నడుచుకుంటూ వెళ్ళి, సగం తెరిచిన తలుపులోంచి చెయ్యి చాపాడు.

"సార్, మీది. ఇంకా వెచ్చగానే ఉంది."

డైరెక్టరు బెల్టు అందుకున్నాడు. పెట్టుకోలేదు. ఊపిరి వదిలాడు. అది కాలరు మైకులోంచి హాలంతా వినిపించింది. ఆ తర్వాత ఆయన మాట్లాడింది ఇది:

"మాదిరి మనిషిని నేనే. కంటికి మనిషంటే ఏంటో నేర్పాలి, ఎవర్నైనా పంపండి సార్ అన్నారు. యజమానిని నేనుండగా ఇంకో మాదిరి ఎందుకని నేనే నిలబడ్డా. లోపల ఇదే బెల్టు. పైగా ఊపిరి బిగబట్టా. సార్, మామూలుగా నిలబడండి అన్నాడు ఇంజనీరు. ఇదే నా మామూలు అన్నా. పిచ్చివాడు, నమ్మాడు. యంత్రం కూడా నమ్మింది. కదలనిదే మనిషి అనుకుంది పాపం. దానికి అబద్ధం నేర్పింది నేను. ఈయన్ని ఇద్దరన్నది అది కాదు, నేను. పొద్దున ఇది విప్పి ఈయనకి పంపింది కూడా దయతో కాదు, లిఫ్టు కదలదేమోనన్న భయంతో. ఈయన ఉద్యోగం ఎక్కడికీ పోదు. కంటికి మళ్ళీ నేర్పించాలి, ఈసారి ఈయన నిలబడతాడు, గాలి పీల్చుకుంటూ. ఇహ ముందు వరసలో నవ్వుతున్న పెద్దలకి ఒక్క మాట. నేనిది కొన్న కొట్లో మీలో ముగ్గుర్ని చూశాను. నేను పలకరించలేదు, మీరూ పలకరించలేదు. ఇది ఇంక నాకొద్దు. వేదిక మీది నా కుర్చీలో పెడుతున్నా. హాల్లో దీపాలు ఒక్క నిమిషం ఆర్పిస్తాను. కావాల్సినవాళ్ళు వచ్చి తీసుకోండి. ఒకటే ఉంది, తోసుకోకండి."