పదహారు మెట్ల సంబంధం

ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నున్నా పునీతులకు తికమక ఉండదన్నది తిరుగులేని సత్యం. సొలాంజ్‌కు మాత్రం అరవై ఏళ్ళుగా ఓ అనుమానం. ఆమె ఊరు సాన్-ఒర్వాన్; ఆ పునీతుడి పేరుతోనే ఫ్రాన్సులో సాన్-ఒర్వాన్లు ఏడున్నాయి. తన మోకాళ్ళ నొప్పి తగ్గించమని ఇక్కడ మొక్కుకుంటే, ఆ మేలు పొరుగు జిల్లా సాన్-ఒర్వాన్‌లో ఎవరి మోకాలికో అందుతోందేమో? (ఆమె కరెంటు బిల్లు అక్కడికే వెళ్తుంది.)

ఊరి చర్చి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. ఏడాదికొక్కసారి, పునీతుడి పండుగనాడు, ఫాదర్ వచ్చి దివ్యపూజ చేస్తారు. ఈ ఏడు బిషప్ గారి మేత్రాసన కార్యాలయం కొత్త నియమం తెచ్చింది: ఊరివాళ్ళు నూరుగురు కూడని చోటికి ఫాదర్‌ను పంపరు. ఊళ్ళో ఉన్నదే అరవై ముగ్గురు (మంచం దిగలేని ఇద్దరితో కలిపి). పొరుగు సాన్-ఒర్వాన్ వాళ్ళు బస్సు కట్టుకుని వస్తామన్నారు. కానీ వాళ్ళను ఊరివాళ్ళ కింద లెక్కించాలంటే, రెండూళ్ళకూ చారిత్రక సంబంధం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి.

సొలాంజ్, మేయర్ ఆన్సెల్మ్‌ను వెంటబెట్టుకుని ధ్రువీకరణాధికారి గోద్రీ దగ్గరికి వెళ్ళింది.

"రెండూళ్ళదీ ఒకటే పేరండీ," అన్నాడు మేయర్.

"పేరు కలిస్తే చుట్టరికమా? మా పక్కింటి పిల్లి పేరూ ఆన్సెల్మే. మీకేమవుతుందది?"

"పునీతుడూ ఒక్కడేనండీ," అంది సొలాంజ్.

"ఆయన ఏ ఊళ్ళోనూ సంతకం పెట్టలేదమ్మా."

మేయర్ మూడు వారాలు ఆఫీసు అటక మీద తుమ్ముతూ వెతికాడు. దొరికింది ఒక్కటే కాగితం. 1887లో చర్చి కప్పు బాగుచేసుకోవడానికి ఆ ఊరి నుంచి పదహారు మెట్ల నిచ్చెన ఎరువు తెచ్చుకున్నారు, పండుగలోగా తిరిగిస్తామన్నారు. (ఏ ఏటి పండుగో రాయలేదు.) నిచ్చెన ఇప్పటికీ చర్చి గోడకే ఆనించి ఉంది.

గోద్రీ ముఖం వెలిగిపోయింది. "ఇదీ సంబంధమంటే! ఇంతకంటే గట్టి బంధుత్వం ఏముంది?" అంటూ ముద్ర గుద్దాడు. అడుగున ఒక వాక్యం ఉంది: బాకీ ఉన్నంతకాలమే చెల్లును.

పండుగ వచ్చింది. బస్సులో నలభై ఆరుగురు దిగారు. మంచం దిగలేని ఇద్దరినీ కుర్చీల్లో మోసుకొచ్చారు. పూజ నిండుగా జరిగింది. అది ముగియగానే సొలాంజ్ నిచ్చెనను ఈడ్చుకుంటూ వచ్చి, బస్సు వాళ్ళ పెద్ద బర్తెలెమీ ముందు పెట్టింది. విరిగిన రెండు మెట్లూ అంతకుముందే కొత్తవి వేయించింది.

"అమ్మా సొలాంజ్, మతి ఉండే చేస్తున్నావా?" మేయర్ చెవిలో గొణిగాడు. "ఇది పోతే పత్రం పోతుంది. వచ్చే ఏడు పూజ ఉండదు."

బర్తెలెమీ కూడా చేతులడ్డం పెట్టాడు. "ఉంచుకోవమ్మా. తాతల నాటి నుంచి మిమ్మల్ని నిచ్చెన దొంగలనే తిడుతున్నాం. ఇచ్చేస్తే ఇక ఏమని తిట్టుకోవాలి?"

"అది మీరే ఆలోచించుకోండి నాయనా," అంది సొలాంజ్. "ప్రార్థనలో 'మా అపరాధాలు క్షమించు' అనేసరికి నా కళ్ళు దీని మీదికే పోతున్నాయి. డెబ్బై దాటాను. పైకెళ్ళాక ఎవరి నిచ్చెన ఎక్కావని అడిగితే ఏం చెప్పను?"

నిచ్చెనను బస్సు పైన కట్టారు.

మంగళవారం గోద్రీ ఉత్తరం వచ్చింది: "నిచ్చెన వారికి ముట్టినది. మీ నిజాయితీకి అభినందనలు. నేటి నుండి మీ రెండూళ్ళకూ ఏ సంబంధమూ లేదు."