అత్తగారికి రీసెట్

చెప్పుల కంపెనీలో చేరిన నాటినుంచి అల్లుడు చెప్పింది తక్కువ, చెప్పించుకున్నది ఎక్కువ. ఆ ఉదయం మాత్రం చెప్పడం అతని వంతు. కంపెనీలో కొత్తగా ఫిర్యాదుల విభాగం పెడుతున్నారు. దానికి పెద్ద ఎవరో వీడియో మీటింగులో తేల్చేస్తారు. ఆ కుర్చీ మీద కన్నేసి పథకం వేసుకున్నాడు: పైన ఇస్త్రీ చొక్కా, కింద పైజామా, వెనకాల తెల్లగోడ, ముఖాన చిరునవ్వు. అన్నీ కుదిరాయి, ఒక్క ఇంటర్నెట్ తప్ప.

ఆ ఇల్లు అత్తమామలది, కాపురం అందరిదీ. ఇల్లంతా నెట్ అందాలని మెష్ పెట్టించారు. మెష్ అంటే వల, పడ్డది అల్లుడే. దాని మూడు తెల్ల వైఫై డబ్బాలకు ఫోన్లో పేర్లు పెట్టమంటే అతని భార్య గదుల పేర్లు మానేసి వరసలు పెట్టింది. హాల్లోది "మామగారు". మేడమెట్ల పైన, అత్తగారి గది గుమ్మం పక్కనున్నది "అత్తగారు". పడకగదిలోది "అల్లుడు". మామగారికీ అత్తగారికీ మధ్య వైరు. అల్లుడు వైర్‌లెస్. వైరు ఉన్నచోట వైరం, లేనిచోట వైరాగ్యం!

ఆ పూట మూడు డబ్బాల లైట్లూ ఎర్రబడ్డాయి. భార్య అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయింది. అల్లుడు లాప్‌టాప్‌తో మేడమెట్ల పైన చతికిలబడి, కస్టమర్ కేర్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"ఏ డబ్బాతో ప్రాబ్లం సార్?" అంది అవతలి అమ్మాయి.

"అన్నీ పడుకున్నాయమ్మా. నా అనుమానం మాత్రం అత్తగారి మీదే. డబ్బా పేరులే."

"ఓకే సార్. అత్తగారు ఎలా ఉంది?"

"ఎర్రగా ఉంది. ఎంత బతిమాలినా పలకదు."

"అయితే రీసెట్ చేద్దాం. అత్తగారి వెనకాల చిన్న కన్నం ఉంటుంది. పిన్నీసుతో గట్టిగా పొడిచి పట్టుకోండి. పాతవన్నీ మర్చిపోతుంది."

"అంతకంటేనా తల్లీ! ఒకవేళ అప్పటికీ మొండికేస్తే?"

"వెనక్కి పంపించేయండి. వారంటీలో కొత్త అత్తగారిని పంపిస్తాం."

గదిలో బట్టలు మడతపెడుతున్న అసలు అత్తగారి చెయ్యి ఆగిపోయింది. బయటికొచ్చి చూస్తే అల్లుడు నిజంగానే పిన్నీసు పట్టుకుని ఉన్నాడు.

"ఏమండీ! వింటున్నారా? మీ అల్లుడు నన్ను పిన్నీసుతో పొడుస్తాట్ట! మాట వినకపోతే నన్ను పంపించేసి కొత్త అత్తగారిని తెస్తాట్ట, వారంటీలో!"

కింద పేపరు చదువుకుంటున్న మామగారు తలెత్తి, "వారంటీ ఇంకా ఉందా?" అన్నారు.

అత్తగారి ముఖం ముందు డబ్బాలు వెలవెలబోయాయి.

"అయ్యో అత్తయ్యా! మీ గురించి కాదండీ, ఇంకో అత్తగారి గురించి!" అన్నాడు అల్లుడు కంగారుగా.

"ఇంకో అత్తగారా? అంటే మా అమ్మాయి కాక ఇంకో సంసారం కూడా ఉందన్నమాట!"

మామగారు పేపరు పడేసి మెట్లెక్కారు. "ఏంటి బాబూ ఇది? ఎక్కడుంటుంది ఆవిడ?"

"ఎక్కడో కాదు మామయ్యా, మనింట్లోనే. తెల్లగా, చిన్నగా ఉంటుంది. నాకేం సంబంధం లేదండీ, ఆవిడ కనెక్షనంతా మీతోనే. ఏడాదిగా బాగానే నడుస్తోంది."

అత్తగారు మెల్లగా భర్తవైపు తిరిగారు. "మీతోనా?"

"నాకేం తెలీదే!" అన్నారు మామగారు ఒక మెట్టు దిగుతూ.

"తెలీకుండానే ఏడాదిగా నడుస్తోందా? ఏదీ ఆ కనెక్షన్?"

అల్లుడు గోడవారగా డబ్బాలోకి వెళ్తున్న తీగలు చూపించాడు. అత్తగారు అందిన తీగను ఒక్క గుంజు గుంజారు. అది ఊడొచ్చింది.

డబ్బా పచ్చబడింది.

ఊడింది రెండో వైరు. ఒక వైరుకే ఇంత వేగమైతే రెండింటికి ఇంకెంతో అని ముందురోజు సాయంత్రం అల్లుడే ఆ రెండు డబ్బాల మధ్య స్వహస్తాలతో తగిలించాడు. రాత్రంతా నెట్ ఒక వైరులో ఎక్కి, ఇంకో వైరులో దిగి, గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. బయటికొచ్చే దారి ఇప్పుడు దొరికింది.

లాప్‌టాప్ టింగుమంది. తెరనిండా కంపెనీ పెద్దలు. వాళ్లకు కనిపించింది పైజామా, పిన్నీసు, తీగ పట్టుకున్న ఒక పెద్దావిడ.

"ఎవరావిడ?" అన్నారు డైరెక్టరు మేడం.

"మా అత్తగారండీ."

"ఏ అత్తగారు సార్?" అంది స్పీకర్లోని అమ్మాయి.

అత్తగారు తెరలోకి వంగారు. "చెప్పుల కంపెనీవాళ్లు మీరేనా? మొన్న కొన్నానమ్మా మీ జోడు. ఎడమది కిర్రుమంటుంది, కుడిది కొరుకుతుంది. మీ షాపులో అడిగితే, అరిగితే సర్దుకుంటుందన్నాడు. అరగాల్సింది చెప్పా, నా మడమా? కాలికి చెప్పు కావాలిగానీ, చెప్పుకి కాలు కావాలా?"

తెరలో ఎవరూ కదల్లేదు. నెట్ మళ్లీ పోయిందేమోనని అల్లుడు ఆశపడ్డాడు. అంతలో డైరెక్టరు మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఫిర్యాదంటే ఏమిటో తెలిసిన మనిషి కోసమే ఇన్నాళ్లూ వెతుకుతున్నాం. మీరు ఎప్పుడు చేరగలరమ్మా?"

వారం తిరక్కుండా ఫిర్యాదుల విభాగం మొదలైంది. అల్లుడికీ అందులోనే చోటిచ్చారు. ఇప్పుడతను సెలవు కావాలంటే మేడ మీదికెళ్లి అడుగుతాడు.