ఏడు పొయ్యిల పెంటవ్వ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నా బిడ్డ దగ్గు. ఆ తర్వాత ఆఫీసర్లు. పాములది మూడో స్థానం.

నా బిడ్డ స్వరూపకు ఇంకా ఏడాది నిండలేదు. నేను పొయ్యి ఊదినప్పుడల్లా అది దగ్గుతుంది. బోధన్ రోడ్డు మీద ఉన్న మా వాడలో పొయ్యిలోకి దొరికేవి చెరకు పిప్పి, బీడీలకు కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కలు, పచ్చి కంప. వీటితో అన్నం కంటే ముందు పొగ ఉడుకుతుంది. దవాఖానలో డాక్టరమ్మ, "పిల్లను పొగకు దూరంగా ఉంచు" అని చెప్పింది. మాది ఒకే గది ఇల్లు. పొగకు దూరం వెళ్ళాలంటే బస్సెక్కాలి.

అందుకే పగలంతా స్వరూప పక్కింటి పెంటవ్వ చంకలో ఉంటుంది. పెంటవ్వకు ముందూ వెనకా ఎవరూ లేరు. నేను చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఆమె నా బిడ్డను ఎత్తుకుని రోడ్డు మీద చెరకు బండ్లు చూపిస్తూ తిరుగుతుంది. బిడ్డ ఆమె చెయ్యి మీద తప్ప నిద్రపోదు.

ఇలా ఉండగా ప్రభుత్వం మా బాధను గ్రహించింది. మండలాలు కొత్తగా వచ్చాయి కదా. ఒక పొద్దున మైకు కట్టిన రిక్షా మా వాడలోకి వచ్చింది. అందులో మండల పొగరహిత కమిటీ అధ్యక్షులు శ్రీ దశరథం గారు నిలబడి ఉన్నారు.

"అక్కలారా, చెల్లెండ్లారా! ఇయ్యాల్టితోని మీ కండ్ల నీళ్ళు బంద్! ఇగ ఈ వాడల పొగ అన్నది పెద్ద బాలశిక్షల తప్ప ఎక్కడ కనపడది!"

దశరథం గారు సామాన్యులు కారు. అంతకుముందు దోమల నిర్మూలన కమిటీకి అధ్యక్షులుగా ఉండి, మా వాడ దోమలను పక్క వాడకు తరలించిన ఘనత వారిది. వారి వేళ్ళ మధ్య ఎప్పుడూ సిగరెట్టు వెలుగుతూ ఉంటుంది. పొగతో యుద్ధం చేసేవారికి శత్రువుతో దగ్గరి పరిచయం ఉండడం అవసరమే కదా.

మరునాడు షామియానా వేసి మీటింగ్ పెట్టారు. మండలాఫీసు నుంచి సిద్దిరాములు సారు వచ్చారు. అర్హతలు పరిశీలించే అధికారి ఆయనే. పొగలేని పొయ్యిని సిమెంటుతో కట్టిస్తారట. దానికి ఒక గొట్టం. పొగ ఆ గొట్టంలోంచి కప్పు దాటి పోతుంది. అంతా ఉచితం, కానీ బీదవాళ్ళకు మాత్రమే.

"మేమందరం బీదోళ్ళమే సారూ" అని వాడంతా ఒకే గొంతుతో అన్నది. ఇంత ఐకమత్యం మాలో నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు కూడా చూడలేదు.

సారు నవ్వారు. "నోటితోని చెప్తే నడవది. ఆమ్‌దానీ తక్కువున్నదని నేనెట్ల నమ్మాలె? కప్పు సూసి నమ్మాలె. ఆకు కప్పు ఉంటే బీద. పెంకులు ఉంటే బీద కాదు. రూల్ నంబర్ మూడు."

నేను ధైర్యం చేసి లేచాను. నేను ఏడో తరగతి సగం చదివాను. మిగతా సగం పెళ్ళి పందిట్లో పోయింది. అందుకని రూల్సు నాకు సగమే అర్థమవుతాయి.

"సారూ, మాది కిరాయి ఇల్లు. పెంకులు ఇంటాయనయి."

"పెంకుల కింద పండుకుంటున్నది ఎవరమ్మా?"

"మేమే సారూ."

"మరి?"

నేను కూర్చున్నాను.

ఆ సాయంత్రమే మా ఆయన ముత్తన్న ఇల్లెక్కి పెంకులు దించేశాడు. చెరకు ఆకు తెచ్చి కప్పాడు. మా వరుసలో పెంకుల ఇళ్ళన్నీ అదే పని చేశాయి. ఇంటాయన నిజామాబాద్‌లో ఉంటాడు కాబట్టి మేము బతికాం. "ఇప్పుడు మనం ఖాయంగ బీదోళ్ళం" అని ముత్తన్న కప్పు మీద నుంచే కేకేశాడు. పెళ్ళయ్యాక ఆయన అంత గర్వంగా మాట్లాడడం అదే మొదటిసారి.

సిద్దిరాములు సారు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చి, మా కప్పు చూసి తల పంకించారు.

"శాన మంచిగ కప్పిండ్రు. గని గిట్ల ఆకు కప్పుల నుంచి గొట్టం పోతే నిప్పంటుకుంటది. గొట్టం పెట్టాల్నంటే పెంకులు ఉండాలె. రూల్ నంబర్ నాలుగు."

వాడంతా తలెత్తి కప్పుల వంక చూసింది. చివరికి ముత్తన్న అడిగాడు. "సారూ, పెంకులుంటె బీదోళ్ళం కాము. ఆకుంటె పొయ్యి రాదు. మరి పొయ్యి ఎవలకొస్తది?"

"అర్హులకు" అన్నారు సారు.

దశరథం గారు చప్పట్లు కొట్టారు. అంత చిన్న మాటలో అంత పెద్ద పాలసీని ఇమిడ్చిన అధికారిని తాము చూడలేదన్నారు.

రూల్ నంబర్ నాలుగు విన్నాక, అవతలి వరుసలో మొదటి నుంచీ ఆకు కప్పులున్నవాళ్ళు ఊరుకుంటారా? మేము దించిన పెంకులు వాళ్ళు ఎక్కించుకున్నారు. వాళ్ళు తీసేసిన ఆకు మేము తెచ్చుకుని పశువులకు వేశాం. రెండో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు ఆ పెంకులను చూసి ఆశ్చర్యపోయారు.

"పోయిన వారం మీరు బీదోళ్ళు. గింత జల్దీ ఎట్ల బాగుపడ్డరు?"

దశరథం గారు మాత్రం ఆశ్చర్యపోలేదు. వారు వెంటనే పేపరుకు ప్రకటన ఇచ్చారు: పథకం ఇంకా మొదలుకాకముందే, కేవలం దాని ప్రకటన వల్లనే మా వాడలో సగం కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయని. ఇది మా ఆడవాళ్ళకు కూడా పేపరు చూసేదాకా తెలియదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పొయ్యి మీద పెంకులు, మిగతా ఇంటి మీద ఆకు పెడితే? గొట్టం పెంకుల్లోంచి పోతుంది, బీదతనం ఆకులో ఉంటుంది. సారుకు చెప్పాను. ఆయన నన్ను మెచ్చుకున్నారు.

"తెలివున్నది నీకు. గని అర్హత కోసమని ఇల్లు మార్చినోళ్ళకు అర్హత ఉండదమ్మా. రూల్ నంబర్ ఐదు."

ఆ మాట అంటూనే ఆయన చూపు పెంటవ్వ ఇంటి మీద పడింది. పడి అక్కడే ఆగిపోయింది.

ముందటేడు వానలకు పెంటవ్వ ఇంటి పెంకులు సగం పడిపోయాయి. పొయ్యి మీదివి మిగిలాయి, మంచం మీదివి పోయాయి. పోయినచోట ఎవరో జాలిపడి చెరకు ఆకు కప్పారు. ఇల్లెక్కి మార్చడానికి మనిషి లేక, వాడంతా ధనికులుగా బీదలుగా మారుతున్న ఆ రోజుల్లో ఆమె ఉన్నచోటనే ఉండిపోయింది.

సారు ఆమె ముందు నిలబడి టోపీ తీశారు. "అవ్వా, జిల్లాల తిరిగిన. నీ అసొంటి మనిషి దొరకలే."

"నేనెటు పోయిన బిడ్డా, ఈడనే ఉన్న" అన్నది పెంటవ్వ, స్వరూపను చంక మార్చుకుంటూ.

ఇక ఒక్కటే చిక్కు. మా వాడకు టార్గెట్ ఏడు పొయ్యిలు. అర్హురాలు ఒక్కతే. మార్చి నెల ముగియవస్తున్నది. పొయ్యిలు వాపసు పోతే సారు ఇంక్రిమెంటు కూడా వాటితోపాటు పోతుంది. ఇలాంటప్పుడే నాయకత్వం అంటే ఏమిటో బయటపడుతుంది. దశరథం గారు సిగరెట్టు ఆర్పి, కళ్ళు మూసుకుని, తెరిచారు.

"సారూ, ఒక్క ఇంటికి ఒక్కటే పొయ్యి ఇయ్యాలె అని జీవోల ఉన్నదా?"

"లేదు."

"మరింకేంది?"

ఆ వారంలో పెంటవ్వ ఇంట్లో గోడ పొడుగునా ఏడు పొయ్యిలు కట్టారు. ఆరోదీ ఏడోదీ మంచం ఉండే జాగలో వచ్చాయి. మంచం బయటికి వచ్చింది. పెంకులున్న సగంలోంచే ఏడు గొట్టాలూ మెలికలు తిరిగి పైకి లేచాయి. జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఏడు రిబ్బన్లు కత్తిరించి, ఏడుసార్లు ఫోటో దిగారు.

పెంటవ్వ దశరథం గారి భుజం తట్టింది. "ఏడు పొయ్యిలెందుకు కొడుకా? నాకున్నయి సోలెడు బియ్యం."

"బియ్యం వేరే డిపార్ట్‌మెంటు అవ్వా" అన్నారు దశరథం గారు వినయంగా.

"ఇగ అంటియ్యనా మరి?"

"అయ్యయ్యో!" అని సిద్దిరాములు సారు అడ్డం వచ్చారు. "హైదరాబాద్ సార్లు వచ్చి సూసేదాంక అంటియ్యొద్దు. మసి పడితే కొత్త పొయ్యి అని ఎవలు నమ్ముతరు?"

చెప్పుకోవలసిన విషయం ఏమిటంటే, ఆ ఏడు పొయ్యిల నుంచి ఒక్క నలుసు పొగ కూడా రాలేదు. పథకం పేరు నూటికి నూరుపాళ్ళు నిజమయింది.

దూరం నుంచి చూసేవాళ్ళకు మాత్రం పెంటవ్వ ఇల్లు చిన్న చక్కెర ఫ్యాక్టరీలా కనిపించేది. ఒక మధ్యాహ్నం మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు నుంచి వచ్చిన చెరకు బండి ఆమె గుమ్మం ముందు ఆగింది. బండాయన చెమట తుడుచుకుని, "ఊస్ కుఠే టాకాయ్‌చా, ఆజీ?" అని అడిగాడు. చెరకు ఎక్కడ దించాలని.

పెంటవ్వ తన మంచం చూపించింది. "గదొక్కటే ఖాళీగున్నది. గాడ దించు."

ఇంట్లో పొయ్యిలు అంటించరాదు కాబట్టి పెంటవ్వ తన ఇంటికీ మా ఇంటికీ మధ్య మూడు రాళ్ళు పెట్టుకుని వండుకోవడం మొదలుపెట్టింది. గాలి మా వైపే వీస్తుంది. అంతకుముందు స్వరూప నా పొగకే దగ్గేది. ఇప్పుడు రెండు పొగలకూ దగ్గుతున్నది. దగ్గి దగ్గి పెదవులు నల్లబడేవి. పెంటవ్వ వండుతున్న అన్నం వదిలేసి పరుగెత్తుకొచ్చి ఎత్తుకునేది.

"నా పొగనే నా బిడ్డను తింటున్నది గదనే గంగామణీ" అన్నది ఒకరోజు. "నువ్వన్న లోపటికొచ్చి ఒక పొయ్యి అంటించుకో. ఏమైతదో సూద్దాం."

నేను పోయి దశరథం గారిని అడిగాను. "అన్నా, అవ్వకు ఏడున్నయి. ఒక్కదాని మీద నేను వండుకుంట. నా పిల్ల పానం దక్కుతది."

వారి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. సిగరెట్టు పొగ అనుకుంటాను. "చెల్లే, నాకు నీ బాధ ఎరుకే. గని అర్హత లేనామె అర్హత ఉన్నామె పొయ్యి మీద వండితే రికవరీ అయితది. అవ్వ మీద కేసు పడుతది. ముసలిదానికి గది అవసరమా?"

ముసలిదాని గురించి అంతగా ఆలోచించే నాయకుడిని ఏమనగలం? తిరిగి వచ్చేశాను.

చివరికి హైదరాబాద్ పెద్ద సారు వచ్చారు. ఆ పొద్దున పెంటవ్వ మూడు రాళ్ళనూ దూరంగా విసిరేయించారు. వాడలో ఎవరూ పొయ్యి వెలిగించవద్దని మైకులో చెప్పారు. మేమంతా పస్తు ఉండి పొగరహితంగా నిలబడ్డాం. పెద్ద సారు పెంటవ్వ ఇంట్లోకి తొంగి చూశారు. తల లోపలికి పట్టింది కానీ మనిషి పట్టలేదు.

"ఇన్ని పొయ్యిలేమిటి? ఈమెది హోటలా?"

"లేదు సార్. శాన బీదది సార్" అన్నారు దశరథం గారు.

"ఏడు పొయ్యిలున్న బీదరాలిని నా సర్వీసులో చూడలేదే!"

సిద్దిరాములు సారు ముఖం సున్నం కొట్టినట్టయింది. పొయ్యిలు తప్పంటే ఆయన ఉద్యోగం పోతుంది. పెంటవ్వ బీదది కాదంటే ఎవరి ఉద్యోగమూ పోదు. ఆయన క్షణం కూడా తడబడలేదు.

"నిజమే సార్. పొయ్యిలు వచ్చినంక ఈమె బాగుపడ్డది."

పెద్ద సారు సంతోషించారు. పథకం వల్ల అర్హురాలు ఒకతి అనర్హురాలి స్థాయికి ఎదగడం రాష్ట్రంలో ఇదే మొదటిదట. మా వాడకు 'పొగలేని వాడ' అని రాసిన ఇత్తడి ఫలకం ఇచ్చి, ఆ ఏడు పొయ్యిలను అంటించకుండా ఇలాగే కొత్తగా ఉంచమన్నారు. పెంటవ్వ ఎదిగింది కాబట్టి ఆమె రెండు రూపాయల బియ్యం కార్డు తీసుకుని వెళ్ళారు.

ఆ సాయంత్రం పెంటవ్వ ఏమీ వండలేదు. నేను పెట్టిన ముద్ద తిని, చాలాసేపు ఆ గొట్టాల వంక చూస్తూ కూర్చుంది.

"బీదదాన్ని మళ్ళ ఎట్ల కావాలెనే?"

"నాకేమెరుక అవ్వా?"

"ఆరు పొయ్యిలు వాపసిస్తే అయితనేమో. కలెక్టరు సారుకు చెప్పొస్త. ఒక్కటి ఉండనియ్యి, మన పిల్ల కోసం అంటియ్యనియ్యి అని కాళ్ళు పట్టుకుంట."

తెల్లవారి మొదటి నిజామాబాద్ బస్సుకు బయలుదేరింది. పొయ్యి మొయ్యలేదు కాబట్టి సాక్ష్యానికి ఒక గొట్టం పీకి భుజాన వేసుకుంది. కండక్టరు గొట్టానికి లగేజీ టికెట్టు కొట్టాడు. అది కూడా తనదేనని ఆమె ఒప్పుకోక తప్పలేదు.

పోయి వారం దాటింది. ఇంకా రాలేదు.

ఆమె లేకపోవడం వల్ల మా రెండిళ్ళ మధ్య పొగ లేదు. స్వరూప దగ్గు కొంచెం తగ్గింది. ఈ సంగతి విని దశరథం గారు ఫోటోగ్రాఫర్‌ను తీసుకొచ్చి, నా బిడ్డను ఇత్తడి ఫలకం పక్కన పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. "సూసిండ్రా, పథకం ఫలితం!" అన్నారు. నేను కాదనలేదు. దగ్గు తగ్గిన మాట నిజమే. ఫోటోలో మాత్రం బిడ్డ ఏడుస్తున్నది. కొత్త చెయ్యి కదా.

అందుకే ఇదంతా పేపరుకు రాసి పంపుతున్నాను. చదివేవాళ్ళలో నిజామాబాద్ పోయేవారుంటే ఒక్క విన్నపం. కలెక్టరాఫీసు మెట్ల మీదనో, బస్టాండులోనో, పక్కన ఇనుప గొట్టం పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ కనిపిస్తే కొంచెం ఆగండి. అన్నం తిన్నదో లేదో అడగండి. ఆ గొట్టం అక్కడే వదిలేసి ఇంటికి రమ్మనండి. మూడు రాళ్ళు వెతికి తెచ్చి పెట్టాను. స్వరూప నిద్రపోవడం లేదని చెప్పండి. పొగ సంగతి ఆమె వచ్చాక చూసుకుంటాం.