ఒక్క తల్లీ చనిపోని ఆసుపత్రి

వెగెసా ఏ దేశంలో కనాలన్న చర్చ మా ఇంట్లో మొదలయ్యాక పొయ్యి మీద నీళ్లు మరిగాయి, అందులో మొక్కజొన్న పిండి పడింది, ఉగాలి గట్టిపడింది కూడా. చర్చ మాత్రం తెమల్లేదు.

"మన కౌంటీ ఆసుపత్రిలోనే కంటుంది" అన్నారు మా మామగారు రియోబా. ఆయన ఆ ఆసుపత్రి కమిటీ అధ్యక్షులు.

"పురుడెవరు పోస్తారు? నువ్వా?" అన్నారు మా అత్తగారు మటిండె.

"నర్సు ఉందిగా."

"ఎందుకు లేదూ. గవర్నరు వచ్చిన రోజున ఉంటుంది."

వెగెసా నా తోడికోడలు. మొదటి కాన్పులో రక్తం ఆగకపోతే మా మరిది ఆమెను మోటార్ సైకిల్ మీద సరిహద్దు దాటించి, అవతలి ఆసుపత్రిలో బతికించుకున్నాడు. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. ఆమె ఉగాలి ముద్దలు చేస్తూనే ఉంది గానీ ఒక్క ముద్దా నోటిదాకా వెళ్లడం లేదు.

మా నటోరా కౌంటీకి దక్షిణాన టాంజానియా ఉంది. సరిహద్దు అంటే మా మొక్కజొన్న చేను చివర పాతిన తెల్లరాయి. దాన్ని ఎవరూ అతిక్రమించరాదు. మేకలు వీపు గోక్కోవచ్చు. అవతలివాళ్లు విదేశీయులు. అంటే మా అత్తగారి తమ్ముళ్లు. ఇక చరిత్రకు వస్తే, కౌంటీ ఏర్పడకముందు రాజధాని నైరోబీలో వాళ్లు మమ్మల్ని పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు పట్టించుకోకుండా ఉండటానికి మాకు సొంత ప్రభుత్వమే ఉంది. అప్పట్లో ఆసుపత్రి లేక మా ఆడవాళ్లు కాన్పుకు అవతలికి వెళ్లేవారు. ఇప్పుడు ఆసుపత్రి ఉండగా వెళ్తున్నారు. స్వపరిపాలన వల్ల కలిగిన తేడా ఇది.

ఆసుపత్రిని తప్పుపట్టడం అన్యాయం. దాన్ని ఎన్నికల ముందొకసారి, తర్వాతొకసారి, గోడల రంగు మార్చినప్పుడు మరొకసారి ప్రారంభించారు. ప్రసూతి గది ఎంతో విశాలమైనది. సభలకు కావలసిన కుర్చీలూ టెంట్లూ అన్నీ అందులోనే పడతాయి. మంచం మీద కొత్త పరుపు ఉంది. వాడితే మాసిపోతుంది కనుక దాని ప్లాస్టిక్ కవరు తీయరాదని కమిటీ తీర్మానించింది. ప్రతిపాదించినది మామగారే.

మర్నాడు ఆ ఆసుపత్రికి ఉత్తమ ప్రసూతి సేవల పురస్కారం ఇవ్వడానికి గవర్నరుగారు విచ్చేశారు. ఇంటిల్లిపాదీ వెళ్లాం. వచ్చినవాళ్లకు సోడా, బ్రెడ్డు ఇస్తారు.

"సోదర సోదరీమణులారా, ఈ ఆసుపత్రి ప్రసూతి గదిలో నేటివరకూ ఒక్క తల్లీ మరణించలేదు. ఒక్క శిశువూ మరణించలేదు. మహామహా దేశాలకు సాధ్యం కానిది మన సరిహద్దు కౌంటీ సాధించింది" అన్నారు గవర్నరుగారు.

చప్పట్లు మోగాయి.

"నా పెరట్లో ఇంతవరకూ ఒక్క ఏనుగూ చావలేదు. నాకూ ఇస్తారేమో అడుగు" అన్నారు అత్తగారు పక్కావిడతో.

"మెల్లగా అనవే తల్లీ. బ్రెడ్డు ఇంకా పంచలేదు."

తర్వాత ఆరోగ్య మంత్రిగారు లేచి, త్వరలో కమిటీ అధ్యక్షులవారి కోడలే ఈ గదిలో పుట్టబోయే తొలి బిడ్డను కంటుందనీ, ఆ బిడ్డకు గవర్నరుగారి పేరే పెడతారనీ ప్రకటించారు. జనమంతా మావైపు తిరిగారు. వెగెసా పైగుడ్డను కడుపు మీదికి లాక్కుంది.

సభ ముగిశాక మామగారు చేతులు కడుక్కోవడానికి ప్రసూతి గదిలోకి వెళ్లారు. కుర్చీలన్నీ బయట వేశారు కనుక గది మొదటిసారి గదిలా కనిపించింది. ఆయన కొళాయి తిప్పి, కింద చేతులు పట్టారు. కాసేపు అలాగే పట్టుకుని ఉన్నారు.

"దానికి గొట్టం ఇంకా కలపలేదు తాతా" అంది నర్సు, సంచీ సర్దుకుంటూ. గవర్నరుగారి వెనక బయల్దేరిన ఆఖరి బండిలో ఆమెకు చోటు దొరికింది.

సాయంత్రం అందరం భోజనానికి కూర్చున్నాం. మామగారు పళ్లెం పక్కకు జరిపి, ఎవరి ముఖమూ చూడకుండా నెమ్మదిగా చెప్పారు.

"పొద్దున్నే వెగెసాను అవతలికి తీసుకెళ్లండి. నొప్పులు వచ్చేదాకా ఆగొద్దు. మటిండె, పురుడయ్యేదాకా మీ తమ్ముళ్లింట్లోనే ఉండండి."

మా మరిది అడిగాడు: "కమిటీ వాళ్లు అడిగితే ఏం చెబుతావు నాన్నా?"

"ఆసుపత్రికి వచ్చిన మంచిపేరు చెడకూడదని పంపానంటాను. వాళ్లూ తమ కోడళ్లను అందుకేగా పంపింది."