బ్రేకు అరగని బండి

"ఇకమీదట సర్టిఫికెట్ లేని పాత కారు కొనడమంటే ప్రజాస్వామ్యాన్ని అవమానించడమే" అని రవాణా మంత్రిగారు మైకులో ప్రకటించారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

సరిగ్గా అదేరోజు ఆయన చెల్లెలు పక్కింటి డాక్టరుగారి పాత కారుకు బేరం కుదుర్చుకుంది. అమాయకుడాయన. ఏసీ మూలుగుతుందనీ, ఎడమ తలుపు గట్టిగా వేస్తేగానీ పడదనీ, బ్రేకులు రెండుసార్లు అరిగితే మార్పించాననీ తన నోటితోనే చెప్పేసుకున్నాడు.

అన్నగారు ఫోన్ చేశారు.

"సర్టిఫికెట్ లేని బండిలో నా చెల్లెలా? నా పరువేం కావాలి?"

"పిల్లని రోజూ కాలేజీలో దింపాలి అన్నయ్యా. దాని బ్రేకులు అరిగితే రెండుసార్లు మార్పించారట. క్షేమంగా ఇల్లు చేరే బండి చాలు నాకు."

"అందుకే నా బండే ఇప్పిస్తున్నా."

మంత్రిగారి పాత బండి అప్పటికే కంపెనీ షోరూములో సర్టిఫికెట్ పరీక్షకు నిలబడి ఉంది. ఇంజనీరు భక్తిగా చుట్టూ తిరిగి చూశాడు. హారన్ పూర్తిగా అరిగిపోయింది. బ్రేకులు మాత్రం కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతున్నాయి. ఇదెలా సాధ్యమని డ్రైవరును అడిగాడు.

"మాకు సిగ్నళ్ళెక్కడివండీ? ఇంటి దగ్గరైతే కార్యకర్తలే దండలతో బానెట్ మీద పడి ఆపేస్తారు."

అంతటి బ్రేకును తొక్కి చూడటం మర్యాద కాదని ఇంజనీరు 'కొత్తదానితో సమానం' అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకంతో బండి ధర డాక్టరుగారి బండికి రెట్టింపైంది. చెల్లెలు గాజులు తాకట్టు పెట్టింది.

రిబ్బన్ కత్తిరించాక, ప్రజల్లో నమ్మకం పెంచడానికి మంత్రిగారు స్వయంగా చెల్లెలి పక్క సీట్లో కూర్చున్నారు. మొదటి ఎర్ర సిగ్నల్ దగ్గర ఆమె బ్రేకు తొక్కింది. బండి పట్టించుకోలేదు. కానిస్టేబుల్ బండిని గుర్తుపట్టి, మిగతా బండ్లన్నీ ఆపి సెల్యూట్ కొట్టాడు.

"చూశావా, సర్టిఫికెట్ విలువ" అన్నారు మంత్రిగారు.

ఆమె హ్యాండ్ బ్రేకు లాగింది. అదీ కొత్తదే. అలాగే ఊడి చేతికొచ్చింది.

"కంగారు పడకు. ఇంటికి పోనీ. గేటు దగ్గర మనవాళ్ళున్నారు."

అంతలో ఆయన ఫోన్ మోగింది. విని, జేబులో పెట్టుకున్నారు.

"మంత్రివర్గంలో మార్పులట. నా శాఖ వేరేవాళ్ళకి ఇచ్చారట."

ఇల్లు వచ్చింది. గేటు బార్లా తెరిచి ఉంది. దండలు లేవు, మనుషులూ లేరు. ఇల్లు వెనక్కి వెళ్ళిపోయింది.

"డాక్టరుగారి బండికి బ్రేకులు అరిగాయన్నావు కదమ్మా?"

"రెండుసార్లు అన్నయ్యా."

"అదృష్టవంతుడు" అన్నారు మాజీ మంత్రిగారు, సీటు బెల్టు కోసం వెతుక్కుంటూ.