వెర్నా వెళ్లిపోయిన వారం

ఆ సోమవారం పొద్దున ఓరిన్ టాకెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య వెర్నా పక్క కౌంటీలోని చెల్లెలింటికి, చలికాలానికి బీన్స్ సీసాలకెత్తడానికి వెళ్తుంది. తను వరండాలో కూర్చుని గిటారు తీగలు మార్చుకుంటాడు. కెంటకీ కొండల్లో ముప్పై ఏళ్లుగా పాడుతున్నా ఓరిన్ పేరు ఊరి పొలిమేర దాటలేదు. ఏటా జరిగే కౌంటీ ఫెయిరు తిరనాళ్లలో పందుల పోటీకి ముందు ఒక పాట పాడనిచ్చేవారు. దాన్ని శ్రద్ధగా వినేవి పందులే. చచ్చేలోగా ఒక్కసారి ఆ ఫెయిరులో శనివారం సాయంత్రం పెద్ద స్టేజీ ఎక్కాలని అతని కోరిక.

వెర్నా సూట్‌కేసుతో ట్రక్కెక్కడం ఎదురింటి ఇమోజీన్ కిటికీలోంచి చూసింది. గంట తిరక్కుండా ఊళ్లోని చిన్న రేడియో స్టేషన్లో, ఓరిన్ కిందటి వారం పాడిచ్చిన కొత్త పాట వచ్చింది: "నువ్వెళ్లిపోయావు, నీ కాఫీ కప్పు ఇక్కడే ఉంది." వెర్నా కలిపిచ్చిన కాఫీ తాగుతూనే అతను ఆ పాట కట్టాడని ఇమోజీన్‌కేం తెలుసు? చర్చిలో ప్రార్థన గొలుసుకు ఆవిడే పెద్ద. ఎవరికి కష్టమొచ్చినా ఒకావిడ ఇంకో ఆవిడకు ఫోన్ చేస్తుంది, అందరూ ప్రార్థిస్తారు. వార్త ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి ఇమోజీన్ దగ్గరికే వచ్చేసరికి, వెర్నా లూయివిల్ పట్నంలో బాంజో వాయించే వాడెవడితోనో లేచిపోయి ఉంది.

"బాంజోవాడా! ఆ సంగతి నాకు తెలియనే తెలియదే!" అని ఆవిడ నోరు నొక్కుకుంది.

సాయంత్రానికి ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలతో ఓరిన్ వంటింట్లో చెయ్యి పెట్టే చోటు లేదు. ఆ ఊళ్లో దుఃఖానికి మందు మాకరోనీ, కోడికూర, పీచ్ పండ్లు కూరి కాల్చిన తీపి పై.

"తిను నాయనా. ఏడుపొస్తే ఏడువు," అంది ఇమోజీన్.

"ఏడుపెందుకక్కా? వెర్నా బీన్స్ సీసాల్లో పెట్టడానికి వెళ్లింది."

"చూశారా, ఇంకా పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడు!" అని ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపించి కళ్లు తుడుచుకుంది.

ఓరిన్ ఒట్టేసి చెప్పేవాడే. అంతలో ఫెయిరు పెద్ద హార్లన్ టోపీ తీసి లోపలికొచ్చాడు. "శనివారం పెద్ద స్టేజీ నీదేనోయ్. నీ బాధ నీ నోటే వినాలని జనం గోల. పాడగలవా?"

బీన్స్ మాట ఓరిన్ మింగేశాడు. "బాధే మరి," అన్నాడు చివరికి. ఆ వారమంతా వెర్నా చెల్లెలింటికి ఫోన్ చేయలేదు. వెర్నాతో అబద్ధమాడటం అతనికి చేతకాదు.

శనివారం మైదానం ఇసక వేస్తే రాలనట్టుంది. ఓరిన్ మొదటి చరణం ఎత్తుకోగానే రుమాళ్లు బయటికొచ్చాయి. రెండో చరణం పాడుతుండగా వెర్నా వచ్చింది. మొగుడు పెద్ద స్టేజీ ఎక్కుతున్నాడని రేడియోలో విని, ఒళ్లో బీన్స్ సీసాతో, ముఖమంతా నవ్వుతో ముందు వరసలో కూర్చుంది.

"వచ్చేసిందిగా! ఇంకేం ఏడుపు?" అన్నారెవరో. రుమాళ్లు జేబుల్లోకి పోయాయి. జనం లేచి మిఠాయి దుకాణాల వైపు నడిచారు. పక్కనుంచి హార్లన్ ఇక చాలించమని చెయ్యి ఊపాడు.

"ఏమైందే?" అని వెర్నా పక్కనున్న ఇమోజీన్‌ని అడిగింది. ఆవిడ బాంజోవాడితో సహా అంతా ఊదేసింది. వెర్నా స్టేజీ వైపు ఒక్క చూపు చూసి, సీసా కుర్చీలో పెట్టి లేచింది.

"ఓరిన్! ఇంక నావల్ల కాదు. నిజంగానే వెళ్లిపోతున్నా!"

ట్రక్కు తలుపు ధడాలున పడింది. ఓరిన్ వాయిస్తూనే అటు చూశాడు. తన అబద్ధం తెలిసిపోయింది, మనిషి పోయింది. ఇంత చిన్న స్టేజీ కోసం అంత పెద్ద మనిషిని పోగొట్టుకున్నానే అనిపించింది. మూడో చరణం గొంతు పగిలి ఏడుస్తూ పాడాడు. పోయిన జనం పరుగున తిరిగొచ్చారు. మళ్లీ పాడమన్నారు, మళ్లీ మళ్లీ పాడించారు. దిగీ దిగగానే ఎవరిదో ట్రాక్టరెక్కి ఇంటికి తోలాడు.

వంటింట్లో వెర్నా కూర్చుని, ఇమోజీన్ తెచ్చిన పీచ్ పై తింటోంది.

"నిజంగానే పోయావనుకున్నానే," అన్నాడు ఓరిన్, గుమ్మం పట్టుకుని.

"తెలుసులే. జనం తిరిగొస్తారనే ఆ కేకేశా. నీ పాట రోడ్డు దాకా వినిపించింది. ముప్పై ఏళ్లకి ఇవాళ పాడావు." ఇంకో ముక్క కోసి అతని ముందుకి తోసింది. "మా చెల్లెలి ఊరు వెళ్తే ఫెయిరు స్టేజీ వచ్చింది. పాటగాళ్ల పట్నం నాష్‌విల్ కావాలంటే నన్ను సముద్రం దాకా పంపాలి."

ఓరిన్ ఆ సూట్‌కేసుని మళ్లీ అటక ఎక్కించలేదు, గుమ్మం పక్కనే ఉంచాడు.