కామిక్ మేళాలో ఎలుగుబంటి

బిలాస్‌పూర్ స్టేషన్లో రైలెప్పుడొస్తుందో తెలుసుకోవాలంటే ఎంక్వయిరీ కౌంటరుకి వెళ్ళేకంటే పట్టాల మీద చెవి పెట్టుకు పడుకోవడం మేలని రైల్వే కాలనీలో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టడానికి కారణం చిన్నారావు. కౌంటరు ఆయనదే. ఎవరు ఏమడిగినా తల ఎత్తకుండా "బోర్డు చూడండి" అనేవాడు. ఆయన్ని అందరూ బోర్డు చిన్నారావు అనే పిలిచేవారు.

అలాంటి మనిషి క్వార్టరు గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టాడంటే మాత్రం కస్టమరైపోయేవాడు. కాఫీలో నురగ తగ్గితే ఫిర్యాదు. చారులో ఇంగువ పెరిగితే ఫిర్యాదు. తువ్వాలు కుడివైపు నుంచి కాకుండా ఎడమవైపు నుంచి అందిస్తే పెద్ద ఫిర్యాదు. ఆయన భార్య సౌభాగ్య అవన్నీ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తూ కాపురం నెట్టుకొచ్చింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆవిడ బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. సాయంత్రాలు కాలనీ పిల్లలకు కథలు చెప్పేది. హిందీ బడికెళ్ళే వాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అక్షరం రాకపోతేనేం, బొమ్మ అందరికీ వస్తుంది కదా అని కథల్ని బొమ్మలుగా గీసి, పక్కింటి భానుప్రియ సాయంతో చిన్న పుస్తకం అచ్చు వేయించింది. ఆ భానుప్రియే, కాలేజీ కుర్రకారంతా కలిసి తార్‌బహార్ కల్యాణ మండపంలో పెడుతున్న కామిక్ మేళాలో ఆవిడకి ఒక స్టాలు కూడా ఇప్పించింది.

"ఏటిది, భోజనాల బల్ల మీద బొమ్మల కొలువు?" అన్నాడు చిన్నారావు.

"కొలువు కాదండీ, నా పుస్తకాలు. శని, ఆదివారాలు మేళాకి వెళ్తన్నాను."

"అచ్ఛా. మరి నా భోజనం?"

"ఫ్రిజ్‌లో ఉంటాది."

"వడ్డన?"

"గిన్నె మీద మూత తీస్తే అదే వడ్డన."

చిన్నారావు కుర్చీ వెనక్కి జరిపాడు. "ఈ వయసులో ఈ వేషాలేటే?"

"వేషాలు నావి కావండీ. అక్కడికొచ్చేవాళ్ళు వేసుకుంటారట. పులులు, రాక్షసులు, ఎవరిష్టం వాళ్ళది."

"నీకు తెలీదు సౌభాగ్యం. స్టాలంటే పబ్లిక్ డీలింగ్! కస్టమరంటే యముడు. ఇన్నేళ్ళ నుంచి డీలింగ్ చేస్తన్నవాణ్ణి చెప్తన్నాను."

"మీరు చేసేది డీలింగా? తోలడం అనుకున్నానే!" అని ఆవిడ పుస్తకాలు సంచీలో సర్దుకుంది.

దాంతో చిన్నారావు బుర్రలో ఒక ఎత్తు పుట్టింది. మొదటిరోజే ఒక పొగరుబోతు కస్టమరు తగిలితే చాలు, సౌభాగ్య సంచీ సర్దుకుని మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికొచ్చేస్తుంది. ఫ్రిజ్ తలుపు తీసే అవసరం ఉండదు. ఆ కస్టమరు కూడా చేతిలోనే ఉన్నాడు. చిన్నారావు స్నేహితుడు ఎర్రయ్య. ఎవరు ఏ పని మొదలుపెట్టినా అందులో తప్పు పట్టి ఆపేస్తాడు కాబట్టి ఆయన్ని సిగ్నల్ ఎర్రయ్య అంటారు. పెళ్ళి పందిట్లో తాళి కట్టబోతుంటే ముడి అలా కాదని లేచిన మనిషి.

శనివారం పొద్దున్న డ్యూటీకని చెప్పి బయల్దేరి, ఎర్రయ్యని లోపలికి పంపించి, చిన్నారావు మండపం ఎదుట టీ కొట్టులో కూర్చున్నాడు. టీ మీద టీ తాగాడు. చివరికి ఎర్రయ్య బయటికొచ్చాడు. రెండు చంకల్లోనూ పుస్తకాలు. నవ్వి నవ్వి కళ్ళు తడిసి ఉన్నాయి.

"ఏటయింది?"

"బావా, పుస్తకం చెత్తలాగ ఉందని బల్ల మీద పడీసాను. 'ఏ పేజీ బాగులేదో చెప్పు అన్నయ్యా, దిద్దుకుంటాను' అంది. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అలాగ అడగలేదు. అడిగీసరికి ఒక్క తప్పు కనబడితే ఒట్టు!"

"సిగ్గులేదా?"

"అదలా ఉంచు. ఇందులో ఒక మొగుడున్నాడు బావా. వాడి దుంపతెగ, నవ్వలేక చచ్చాను."

"ఎవడు వాడు?"

ఎర్రయ్య పుస్తకాలు వీపు వెనక్కి తిప్పి, "ఏమో బావా, మొహం కనబడదు" అని వెళ్ళిపోయాడు.

చిన్నారావుకి కూర్చోబుద్ధి కాలేదు. పక్క వీధిలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టుంది. పులులూ రాక్షసులూ పొద్దున్నే వెళ్ళిపోయారట. ఒక ఎలుగుబంటి మాత్రం మిగిలింది. తొడుక్కుంటే కిందటి అద్దెదారు చెమట వాసన. అయినా తొడుక్కున్నాడు. తర్వాత ఎప్పుడు ఆ వీధిన పోయినా ఆయన ఆ కొట్టు వైపు చూడకుండా తల తిప్పుకునేవాడు.

మండపంలో ఎలుగుని ఎవరూ వింతగా చూడలేదు. "భయ్యా, జరా సైడ్" అని ఒక పులి తోసుకుంటూ పోయింది. సౌభాగ్య స్టాలు చివర్న ఉంది. చిన్నారావు గొంతు మార్చి, హిందీలో గదమాయించాడు.

సౌభాగ్య నవ్వింది. "మీ హిందీలో శ్రీకాకుళం వినబడతన్నాది సర్. తెలుగులోనే అడగండి, పర్లేదు."

ఎలుగు కంగారుపడి తెలుగులోకి దిగింది. "పుస్తకం ఇంత పల్చగా ఉందేటి?"

"రెండోది లావుగా వేస్తాను సర్."

"బొమ్మలు వంకరగా ఉన్నాయి."

"మనుషులే అలాగున్నారు సర్."

"కస్టమరొస్తే కుర్చీ వెయ్యరా? మంచినీళ్ళివ్వరా?"

ఆవిడ లేచి తన కుర్చీ ఇచ్చింది. మంచినీళ్ళిచ్చింది. ఎలుగు నోట్లో పోసుకున్న నీళ్ళు ఎలుగు నోట్లోనే ఆగి, అక్కడినుంచి పొట్ట మీదుగా కారాయి. సౌభాగ్య తువ్వాలు అందించింది, కుడివైపు నుంచి.

అప్పటికే వెనకాల ఒకావిడ నిలబడి ఉంది. కళ్ళజోడు, భుజాన గుడ్డసంచీ. బల్ల మీది పుస్తకం తీసి నిలువుకాళ్ళ మీద చివరిదాకా చదివింది. "ఒక్క నిమిషమండీ, ఆవిడతో మాట్లాడాలి" అంది.

"లైన్లో రండమ్మా! ముందొచ్చిన కస్టమర్ని నేను" అంది ఎలుగు.

ఆవిడ పాపం వెనక్కి తగ్గింది. చిన్నారావు దర్జాగా పేజీలు తిప్పాడు. కొత్తగా కాపురానికొచ్చిన అసిరమ్మ అనే అమ్మాయి కథ. ఇంట్లో మొగుడున్నాడు. కానీ ఏ బొమ్మలో చూసినా విప్పిన న్యూస్‌పేపరూ, దాన్ని పట్టుకున్న పదివేళ్ళూ తప్ప మనిషి లేడు.

"ఈ మొగుడికి మొహం లేదేటి?"

"గీద్దామనే కూర్చున్నాను సర్. పేపరు బాగా కుదిరింది. వేళ్ళు కుదిరాయి. మొహం కాడికొచ్చీసరికి గుర్తు రాలేదు. ఎప్పుడు చూసినా పేపరు వెనకే కదా ఉంటారు."

ఎలుగు లోపల ఉక్కపోసింది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఇంకో పేజీ చూపించాడు. "ఈ పిల్ల స్టేషన్లో ఎందుకు నిలబడింది?"

"తప్పిపోయింది సర్. ఊరికొచ్చి వారం కాలేదు, హిందీ ముక్క రాదు. ఉప్పు కొనుక్కొద్దామని వెళ్ళి తిరిగొస్తే క్వార్టర్లన్నీ ఒకేలాగున్నాయి. మొగుడు స్టేషన్లో ఉంటాడని మాత్రం తెలుసు. రైలు కూత వినబడే వైపు నడుచుకుంటూ వెళిపోయింది."

కళ్ళజోడావిడ మళ్ళీ ముందుకొచ్చింది. "దయచేసి ఒక్క మాట. నాకు రైలు టైమైపోతోంది."

"అయితే వెళ్ళి బోర్డు చూసుకోండి!" అన్నాడు చిన్నారావు. నోటికి అలవాటైన మాట, తల ఎత్తకుండానే వచ్చేసింది.

సౌభాగ్య గబుక్కున ఆవిడ వైపు తిరిగి ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే ఎలుగు, "తర్వాతేటయింది?" అని అడిగింది.

సౌభాగ్య ఆగింది. కళ్ళజోడావిడ వైపు ఒకసారి చూసి, ఎలుగు వైపు తిరిగింది.

"లైన్లో నిలబడింది సర్. తన వంతొచ్చింది. కిటికీ అవతల ఉన్నది మొగుడే. ఏవండీ అందామంటే వెనకాల జనం. ఆయన తల ఎత్తకుండా 'బోర్డు చూడండి' అన్నారు. ఆ పిల్ల వెళ్ళి బోర్డు చూసింది. అన్ని ఊళ్ళూ ఉన్నాయి దాంట్లో. తనిల్లు లేదు."

చుట్టూ పులులూ రాక్షసులూ కేకలు వేస్తున్నారు. చిన్నారావుకి అవేవీ వినబడలేదు.

"ఆయనకి తెలుసా?"

"తెలీదు సర్. మంగాయమ్మగారని ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. సాయంత్రం ఆయనొచ్చి, చారులో ఉప్పులేదేటి అన్నారు."

ఎలుగు ఒక పుస్తకం కొంది. ఎందుకో తెలియక ఇంకొకటి కొంది. కుర్చీలోంచి లేచి పోబోతుండగా భానుప్రియ పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, రజిని మేడమ్ ఆయే థే క్యా, వచ్చారా? రాయ్‌పూర్‌లో పిల్లల బుక్స్ పబ్లిష్ చేస్తారు. మీ బుక్ కోసమే రమ్మన్నా మైనే! కళ్ళజోడు, గుడ్డ సంచీ..."

ముగ్గురూ వెనక్కి చూశారు. అక్కడెవరూ లేరు. సౌభాగ్య కూర్చుని, చిందరవందరైన పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంది. ఆవిడ ఏదైనా అని ఉంటే చిన్నారావు అంత బాధపడి ఉండేవాడు కాదు.

ఎలుగు పరుగందుకుంది. ఆటో ఆపబోతే ఆటోవాలా చూసి గేరు మార్చాడు. వెనకాల కుక్కలు తగులుకున్నాయి. తల ఊడదీద్దామంటే జిప్పు బొచ్చులో ఇరుక్కుంది. రొప్పుతూ స్టేషను గేటు దగ్గరకు చేరేసరికి కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"మైఁ ఎంక్వయిరీ కా చిన్నారావు!"

"అచ్ఛా? మైఁ స్టేషన్ మాస్టర్" అన్నాడు వాడు.

ఇద్దరూ కలిసి జిప్పు పీకి తల ఊడదీసేలోపల రాయ్‌పూర్ బండి కదిలింది. చిన్నారావు పెట్టెల వెంబడి పరిగెత్తి కిటికీల్లోకి తొంగి చూశాడు. జనం ఎలుగు ఒంటిమీద మనిషి తల చూసి కిటికీలు దించుకున్నారు. ఆఖరి పెట్టె దాటిపోయాక ప్లాట్‌ఫారం అంచున ఆగిపోయాడు. జీవితమంతా ఎన్ని రైళ్ళ సంగతో ఎంతమందికో చెప్పకుండా ఎగ్గొట్టినవాడు, ఒక రైలు తప్పిపోతే ఎలా ఉంటుందో ఆ రోజే తెలుసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి మేళా సద్దుమణిగింది. ఎలుగు తల చంకలో పెట్టుకుని స్టాలు ముందు నిలబడ్డాడు.

"సౌభాగ్యం... నేనే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఎలుగు కాళ్ళకి మీ డ్యూటీ బూట్లున్నాయి. పొద్దున్న పాలిష్ చేసింది నేనే కదా. వేసుకున్న వేషం పూర్తిగా వేసుకోవద్దా?"

చిన్నారావు బూట్ల వంక చూసుకున్నాడు. తళతళా మెరుస్తున్నాయి. "మరి ఆవిడ వెనకాల నిలబడ్డం కూడా చూశావా?"

"చూశాను. రైలుందని చెప్పడం విన్నాను."

"మరి నన్నొక్క తోపు తోసి ఆవిడతో మాట్లాడొచ్చు కదే!"

"తోసీబోయాను. అంతలో మీరు, తర్వాతేటయిందని అడిగారు." సౌభాగ్య సంచీ ముడివేస్తూ ఆగింది. "ఇన్నేళ్ళలో ఆ మాట మీ నోట వినలేదండీ. ఎలుగుబంటి అడిగితేనేటి, అడిగింది మీరే. జవాబు చెప్పకుండా ఎలాగ పంపను?"

ఆవిడ తిట్టినా బాగుండేది. చిన్నారావు సంచీ తీసుకోబోతే ఇవ్వలేదు. "ముందు ఆ బొచ్చు విప్పండి, రోడ్డు మీద కుక్కలున్నాయి" అంది.

రాత్రి భానుప్రియ రాయ్‌పూర్‌కి ఫోన్ చేసింది. రజిని మేడమ్ మర్యాదగానే మాట్లాడి, "చూద్దాం" అన్నారట. కౌంటర్లో తలపండిన వాడికి "చూద్దాం" అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నారావు అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ పూట కూరలో కారం ఎక్కువైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున్న సౌభాగ్య ఎలుగు వేషం దులిపి మంచం మీద పెట్టింది.

"ఏటిది?"

"నిన్న మీరు పరిగెత్తాక పిల్లలంతా ఎలుగేదీ, ఎలుగేదీ అని నా స్టాలు చుట్టూనే తిరిగారు. ఇవాళ కూడా ఉంటాదని చెప్పీసాను. పబ్లిక్ డీలింగ్ కదండీ, మాట తప్పకూడదు."

చిన్నారావు చేతులు చాపి తొడుక్కున్నాడు.

ఆ రోజంతా ఎలుగు స్టాలు ముందు నిలబడింది. పిల్లలు చెవులు పీకారు, చేతులు పట్టుకు వేలాడారు. సిగ్నల్ ఎర్రయ్య సకుటుంబంగా వచ్చి ఎలుగుతో ఫోటో దిగి, "నడక సరిగా లేదు బావా, ఎలుగు అలా నడవదు" అని చెవిలో చెప్పి పోయాడు. సౌభాగ్య, "ఎలుగుగారూ, కాస్త జరగండి, కస్టమర్లకి నేను కనబడ్డం లేదు" అంటే, జరిగాడు. లోపల చెమట కాలువలు కడుతున్నా కిక్కురుమనలేదు. అటు వచ్చినవాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న ఆడమనిషి కనబడితే మాత్రం నిటారుగా అయిపోయి, పరుగున వెళ్ళి కుర్చీ తుడిచి వేసేవాడు.

చీకటి పడుతుండగా జనం పల్చబడ్డారు. "ఇక చాలండీ, తల తీసి గాలి పీల్చుకోండి" అంది సౌభాగ్య.

"ఇంకాసేపు ఉంటాను" అన్నాడు చిన్నారావు లోపల్నుంచి.

చాలామందే వచ్చారు ఆ రోజు. కూర్చున్నారు, నవ్వారు, పుస్తకాలు కొనుక్కున్నారు. ఆ కళ్ళజోడావిడ మాత్రం రాలేదు.